ఆన్‌లైన్ కోర్సుతో క్యాట్‌కు సిద్ధం కావడం: పాఠం వినడం నుంచి లెక్క చేతికి వచ్చేదాకా

ఐఐఎం (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్)లలో ఎంబీఏ సీటు కోసం రాసే క్యాట్ పరీక్షకు కోచింగ్ పేరుతో హైదరాబాద్ వచ్చి హాస్టల్లో ఉండనవసరం లేకుండా, సొంత ఊళ్లో కూర్చుని ఆన్‌లైన్ కోర్సుతోనే సిద్ధం కావచ్చా అని అడిగేవారికి నేను సందేహం లేకుండా కావచ్చనే చెబుతాను. కాలేజీ చివరి సంవత్సరంలో ఉన్నవారికీ, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఉద్యోగం చేసేవారికీ నిజానికి అంతకంటే అనువైన దారి లేదు. అయితే కోర్సు కొన్న రోజు నుంచి వీడియోలను వరుసగా చూసుకుంటూ పోవడమే చదువు అనుకుంటే మాత్రం ఆ డబ్బూ, ఆ నెలలూ రెండూ పోతాయి. ఉద్యోగం చేస్తూ మొదటిసారి సిద్ధమైనప్పుడు నేను చేసింది అదే. మూడు నెలలపాటు రోజూ రాత్రి రెండు గంటలు పాఠాలు విన్నాను, ప్రతి పాఠమూ అర్థమైందనే అనుకున్నాను, తీరా మొదటి మాక్ టెస్టు, అంటే అసలు పరీక్షను పోలిన సన్నాహక పరీక్ష రాసినప్పుడు గణితంలో 22 ప్రశ్నలకుగాను ఐదింటిని మించి ముట్టుకోలేకపోయాను. పాఠం అర్థం కావడం వేరు, లెక్క చేతికి రావడం వేరు అని అప్పుడు తెలిసింది. ఈ రెండింటి మధ్య దూరాన్ని ఎలా దాటాలో వివరంగా చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందుగా పరీక్ష కొలతలు మనసులో స్థిరంగా ఉండాలి, ఎందుకంటే కోర్సులో ఏ భాగానికి ఎంత సమయమివ్వాలో అవే చెబుతాయి. క్యాట్‌ను ఏటా ఒక ఐఐఎం బాధ్యత తీసుకుని నిర్వహిస్తుంది. 2024లో ఐఐఎం కలకత్తా, 2025లో ఐఐఎం కోళికోడ్ ఆ పని చేశాయి. కొన్నేళ్లుగా నవంబరు నెల చివరి ఆదివారం నాడు, ఒకే రోజు మూడు పూటలుగా కంప్యూటర్ మీద ఈ పరీక్ష జరుగుతోంది. 2020కి ముందు మూడు గంటలుండే పరీక్ష అప్పటి నుంచి రెండు గంటలకు తగ్గింది. ఇంగ్లిష్ పఠనం, డేటా విశ్లేషణతో కూడిన తర్కం, గణితం అనే మూడు భాగాలు అదే వరుసలో వస్తాయి, ఒక్కోదానికి కచ్చితంగా 40 నిమిషాలే ఉంటాయి, ఒక భాగంలో మిగిలిన సమయాన్ని ఇంకో భాగానికి వాడుకోవడం కుదరదు. 2024 ప్రశ్నపత్రంలో మొత్తం 68 ప్రశ్నలు, అంటే ఇంగ్లిష్‌లో 24, తర్కంలో 22, గణితంలో 22 వచ్చాయి. సరైన జవాబుకు 3 మార్కులు, తప్పు జవాబుకు 1 మార్కు కోత. జవాబును మనమే టైపు చేయాల్సిన ప్రశ్నలకు మాత్రం కోత ఉండదు, వీటినే విద్యార్థులు టీటా ప్రశ్నలంటారు.

ఈ కొలతల్లో దాగిన విషయం ఒకటుంది. గణితంలో 22 ప్రశ్నలకు 40 నిమిషాలంటే ఒక్కోదానికి సుమారు 109 సెకన్లు. అదే మన రాష్ట్రాల్లో ఎంబీఏ ప్రవేశానికి రాసే ఐసెట్‌లో 150 నిమిషాల్లో 200 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి 45 సెకన్లు, పైగా తప్పుకు కోత లేదు. కాబట్టి ఐసెట్‌లో వేగంగా అన్నింటికీ జవాబు పెట్టేవాడు గెలుస్తాడు, క్యాట్‌లో ఏది వదలాలో తెలిసినవాడు గెలుస్తాడు. రెండూ రాయాలనుకునేవారు క్యాట్ కోసం చదివితే ఐసెట్ గణితం దాదాపుగా దానంతటదే వచ్చేస్తుంది కానీ, ఐసెట్ కోసం తయారుచేసిన కోర్సుతో క్యాట్ మాత్రం రాదు. కోర్సు కొనేముందే ఈ తేడా గుర్తించాలి.

కోర్సు ఎంచుకునేటప్పుడు

ప్రకటనల్లో కనిపించే ర్యాంకుల ఫొటోలను చూసి కాక, ఉచితంగా చూడనిచ్చే రెండు మూడు పాఠాలను పూర్తిగా విని నిర్ణయించుకోవాలి. శాతాల మీద ఒక పాఠం, చదివి జవాబు చెప్పే ఇంగ్లిష్ వ్యాసం మీద ఒక పాఠం, ఒక తర్కపు సెట్ (ఒకే సమాచారం మీద వచ్చే ప్రశ్నల గుంపు) మీద ఒకటి వింటే చాలావరకు తెలిసిపోతుంది. ఉపాధ్యాయుడు నేరుగా సూత్రం చెప్పి జవాబు తేల్చేస్తున్నాడా, లేక ప్రశ్న చూడగానే తనకు ఏ ఆలోచన ఎందుకు తట్టిందో, ఏ దారి ఎందుకు వదిలేశాడో కూడా చెబుతున్నాడా అన్నదే గీటురాయి. మనవారు తరచుగా పట్టించుకోని ఇంకో సంగతి భాష. ప్రముఖ కోర్సుల్లో చాలా పాఠాలు సగం హిందీ, సగం ఇంగ్లిష్‌లో నడుస్తాయి, ముఖ్యంగా సందేహాలు తీర్చే లైవ్ క్లాసుల్లో మాట పూర్తిగా హిందీలోకి జారిపోతుంది. హిందీ ధారాళంగా రానివారు ఇంగ్లిష్‌లోనే బోధించే బ్యాచ్‌ను అడిగి మరీ తీసుకోవాలి, లేకపోతే లెక్కతోపాటు భాషతో కూడా పెనుగులాడాల్సి వస్తుంది.

గడువు తేదీని తప్పకుండా చూడాలి. ఏప్రిల్‌లో నేను కొన్న కోర్సుకు ఆరు నెలల గడువేనన్న సంగతి గమనించకపోవడంతో, మాక్ టెస్టులు జోరుగా రాయాల్సిన అక్టోబరు రెండో వారంలో నా లాగిన్ మూతపడి, మళ్లీ డబ్బు కట్టాల్సి వచ్చింది. పరీక్ష జరిగే రోజు దాకా, వీలైతే ఆ తర్వాత ఇంటర్వ్యూల కాలం దాకా చెల్లుబాటయ్యేదే తీసుకోవాలి. ఈఎంఐ మీద కొనేవారు ఆ వాయిదాల ఒప్పందం చాలాసార్లు కోర్సు సంస్థతో కాక అప్పు ఇచ్చే ఫైనాన్స్ సంస్థతో ఉంటుందని, కోర్సు మధ్యలో మానేసినా వాయిదాలు ఆగకపోవచ్చని తెలుసుకుని, షరతులు చదివాకే సంతకం పెట్టాలి. పాఠాల గంటలెన్ని అన్నదాని కంటే పూర్తి నిడివి మాక్ టెస్టులెన్ని, వాటి ప్రతి ప్రశ్నకూ సాధన, అంటే జవాబు రాబట్టే విధానం, వివరంగా ఇస్తారా అన్నది ఎక్కువ విలువైన ప్రశ్న. డబ్బు తక్కువున్నవారు పాఠాలను ఉచిత వనరులతో సరిపెట్టుకుని, ఒక మంచి మాక్ టెస్టుల సిరీస్ మాత్రం కొనుక్కున్నా నష్టపోరు. గణిత పునాదికి ఖాన్ అకాడమీ పాఠాలు, మన తొమ్మిదో, పదో తరగతి పాఠ్యపుస్తకాలు డబ్బు ఖర్చు లేకుండా దొరుకుతాయి. డిగ్రీలో కామర్స్ లేదా ఆర్ట్స్ చదివి, గణితం వదిలి ఏళ్లయినవారు ఆ పాఠ్యపుస్తకాలతో మొదలుపెట్టడం చిన్నతనమని అనుకోకూడదు.

ఒక పాఠాన్ని ఎలా చదవాలి

అన్నింటికంటే ముఖ్యమైన భాగం ఇదే గనుక నిదానంగా చెబుతాను. పాఠం మొదలుపెట్టేముందు ఒక గీతల్లేని నోట్‌బుక్, పెన్ను, గడియారం దగ్గరుండాలి. ఉపాధ్యాయుడు తెర మీద ప్రశ్న చూపించి చదవడం పూర్తి చేయగానే వీడియో ఆపాలి. మూడు నుంచి ఐదు నిమిషాలపాటు సొంతంగా ప్రయత్నించి, వచ్చినా రాకపోయినా నోట్‌బుక్‌లో ఏదో ఒకటి రాసిన తర్వాతే మళ్లీ నడిపించాలి. ఇలా చేస్తే గంట వీడియోకు రెండు గంటలు పడుతుంది. వీడియో వేగాన్ని ఒకటిన్నర రెట్లు పెంచుకుని వినే అలవాటుకు ఇది పూర్తిగా వ్యతిరేకం, అయినా చేతికి లెక్క వచ్చేది ఇలాగే.

ఒక ఉదాహరణ చూద్దాం. రాము ఒక పనిని 12 రోజుల్లో, సోము అదే పనిని 18 రోజుల్లో చేస్తారు. ఇద్దరూ కలిసి 4 రోజులు చేశాక రాము వెళ్లిపోతే, మిగిలిన పనిని సోము ఎన్ని రోజుల్లో ముగిస్తాడు? ఇంటర్‌లో ఎంపీసీ చదివి ఎంసెట్‌కు తయారైనవారి చేయి వెంటనే పన్నెండో వంతు, పద్దెనిమిదో వంతు అంటూ భిన్నాలు కూడటానికి వెళుతుంది. జవాబు వస్తుంది కానీ ఆలస్యమవుతుంది. మంచి ఉపాధ్యాయుడు 12, 18ల క.సా.గు. 36 గనుక మొత్తం పనిని 36 ఇటుకలు అనుకోమంటాడు. అప్పుడు రాము రోజుకు 3 ఇటుకలు, సోము 2 ఇటుకలు పేర్చినట్టు. నాలుగు రోజుల్లో ఇద్దరూ కలిసి 20 పేర్చారు, మిగిలినవి 16, సోముకు 8 రోజులు. కాగితం అవసరం లేకుండానే అయిపోయింది.

వీడియో చూసేవాడు ఇక్కడ సంతోషంగా తలూపి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతాడు. అక్కడే ఆగి, అదే లెక్కను కొంచెం మార్చుకుని చేయాలి. ఇద్దరూ కలిసి కాక, ఒకరోజు రాము, మరుసటి రోజు సోము వంతులవారీగా చేస్తే ఎన్ని రోజులు పడుతుంది? రెండు రోజులకు 5 ఇటుకలు చొప్పున 14 రోజులకు 35 అవుతాయి, ఒకటి మిగులుతుంది. పదిహేనో రోజు రాము వంతు, అతనికి ఆ ఒక్క ఇటుకకు మూడో వంతు రోజు చాలు. కాబట్టి 14 రోజుల మీద మూడో వంతు. మరి మొదటి రోజు రాముకు బదులు సోము మొదలుపెట్టి ఉంటే? పదిహేనో రోజు సోముది, అతనికి ఆ ఒక్క ఇటుకకు సగం రోజు పడుతుంది కాబట్టి జవాబు పద్నాలుగున్నర రోజులు. ఎవరు మొదలుపెట్టారన్న ఒక్క మాటతో జవాబు మారిపోయింది. క్యాట్ ప్రశ్నలు పట్టుకునేది సరిగ్గా ఇలాంటి చోటే, ఈ మార్పును వీడియో మనకు నేర్పదు, మనమే లెక్కను అటూ ఇటూ తిప్పి చూసుకుంటే తెలుస్తుంది.

ప్రతి అధ్యాయం తర్వాతా ఇలాంటి మార్పులు మూడు నాలుగు రాసుకుని, మూడు రోజులాగి మళ్లీ ఖాళీ కాగితం మీద చేయాలి. పాఠం విన్న రోజే చేసిన లెక్క జ్ఞాపకం నుంచి వస్తుంది, మూడు రోజుల తర్వాత చేసిన లెక్క అవగాహన నుంచి వస్తుంది. ఎంపీసీ విద్యార్థులకు ఇంకొక మాట చెప్పాలి. ప్రస్తారాలు, సంయోగాలు, సంవర్గమానాలు తమకు బాగా వచ్చునన్న ధీమాతో వారు శాతాలు, నిష్పత్తులు, కాలం-దూరం వంటి అంకగణితాన్ని చులకనగా చూస్తారు. క్యాట్ గణితంలో అంకగణితానికి, బీజగణితానికి ఉన్న వాటా పెద్దది కనుక, మొదటి రెండు నెలలు వాటికే ఇవ్వాలి.

ఇంగ్లిష్ భాగం

ఈ భాగంలో వీడియో పాఠాల ఉపయోగం తక్కువ. 24 ప్రశ్నల్లో పెద్ద వాటా వ్యాసభాగం చదివి జవాబు చెప్పేవే, చదవడమనే అలవాటును ఎవరూ మన బదులు చేయలేరు. రోజూ ముప్పావు గంట చదవాలి. ది హిందూ సంపాదకీయ పేజీ మొదలుపెట్టడానికి బాగుంటుంది కానీ అక్కడే ఆగకూడదు, ఎందుకంటే క్యాట్ వ్యాసాలు తత్వశాస్త్రం, మానవశాస్త్రం, కళల చరిత్ర, పర్యావరణం వంటి మనకు పరిచయం లేని విషయాల నుంచి వస్తాయి. రోజుకొక కొత్త రంగం నుంచి ఒక దీర్ఘ వ్యాసం ఎంచుకోవాలి.

తెలుగు మీడియంలో చదివినవారు ఇంగ్లిష్ రాదన్న బెంగతో ఈ భాగాన్ని ముందే వదులుకోవడం చూస్తే నాకు బాధగా ఉంటుంది. వారికి నేను చెప్పే పద్ధతి ఒకటుంది. ఇంగ్లిష్ వ్యాసంలో ఒక పేరా చదవగానే, రచయిత ఏమంటున్నాడో తెలుగులో ఒకే ఒక వాక్యం రాయాలి. ఉదాహరణకు నగరాల్లో చెట్లు నాటే కార్యక్రమాల మీద ఒక వ్యాసముందనుకుందాం. మొదటి పేరా చదివాక నోట్‌బుక్‌లో ఇలా రాసుకోవచ్చు: చెట్లు నాటడం మంచిదేనని ఒప్పుకుంటున్నాడు, కానీ నేలకు సరిపడని మొక్కలను లెక్క కోసం నాటడాన్ని తప్పుపడుతున్నాడు. ఈ వాక్యం చేతిలో ఉంటే, రచయిత నగరాల్లో చెట్ల పెంపకాన్ని వ్యతిరేకిస్తున్నాడు అనే ఆప్షన్ ఎంత తియ్యగా కనిపించినా మనం దాని వలలో పడం. ఒప్పుకున్నదాన్నీ, తప్పుపట్టినదాన్నీ కలిపేసి చెప్పడం, ఒక పరిమితమైన మాటను ఎల్లప్పుడూ, మాత్రమే అనే పదాలతో సాగదీయడం, తప్పు ఆప్షన్లు తయారయ్యే ప్రధాన మార్గాలివే. రెండు నెలలు ఇలా తెలుగులో రాసినవారికి తర్వాత రాయకుండానే ఆ వాక్యం మనసులో ఏర్పడుతుంది, అప్పుడు చదివే వేగం కూడా పెరుగుతుంది.

తర్కం, డేటా సెట్లు

2024లో 22 ప్రశ్నలు ఐదు సెట్లుగా వచ్చాయి. 40 నిమిషాల్లో ఐదూ చేయగలిగేవారు అతి కొద్దిమంది, రెండు మూడు సెట్లు తప్పు లేకుండా చేసినవారికి మంచి పర్సెంటైల్ (రాసినవారిలో నూటికి ఎంతమంది మనకంటే వెనకున్నారో చెప్పే లెక్క) వస్తుంది. అందుకే మొదటి నాలుగైదు నిమిషాలు అన్ని సెట్లనూ చదివి, ఏవి చేయాలో నిర్ణయించుకోవడానికే కేటాయించాలి. ఈ విభాగంలో సాధనను వీడియోలో చూడటం అన్నింటికంటే ఎక్కువ మోసం చేస్తుంది, ఎందుకంటే పట్టిక గీసి మొదటి గడి నింపగానే మిగిలినవన్నీ సులువుగా కనిపిస్తాయి, అసలు కష్టం ఆ పట్టిక ఎలా గీయాలన్న దగ్గరే ఉంది. కాబట్టి ఒక కొత్త సెట్‌కు కనీసం 25 నిమిషాలు ఒంటరిగా పెనుగులాడిన తర్వాతే సాధన తెరవాలి, అది కూడా మొదటి అడుగు చూసి మళ్లీ ఆపేయాలి. రోజుకు రెండు సెట్లు చాలు, కానీ రోజూ చేయాలి.

మాక్ టెస్టులు

ఆగస్టు నుంచి పది రోజులకొకటి, అక్టోబరు నుంచి వారానికి రెండు రాయవచ్చు. ఫోన్‌లో రాయకూడదు. అసలు పరీక్షలో తెర మీది క్యాలిక్యులేటర్‌నూ, తెర మీది అంకెల పలకనూ మౌస్‌తో నొక్కాల్సి ఉంటుంది, దానికి చేయి అలవాటు పడటానికి ల్యాప్‌టాప్‌కు ఒక మామూలు మౌస్ తగిలించుకుని రాయాలి. ఇంట్లో రెండు గంటల నిశ్శబ్దం దొరకనివారు ఊళ్లో గ్రంథాలయంలో కూర్చుని రాయవచ్చు.

మాక్ రాయడానికి రెండు గంటలైతే దాన్ని పరిశీలించడానికి మూడు గంటలు పెట్టాలి. మార్కుల లెక్క ఒకసారి చూడండి. గణితంలో 12 ప్రశ్నలు చేసి 8 సరైనవి, 4 తప్పులైతే వచ్చేది 20 మార్కులు. ఎనిమిదే చేసి ఎనిమిదీ సరిగ్గా చేసినవాడికి 24. తక్కువ పని చేసినవాడికి ఎక్కువ మార్కులొచ్చాయి, పైగా ఆ నాలుగు తప్పుల మీద పోయిన సమయం అతనికి మిగిలింది. నాలుగు ఆప్షన్లలో కళ్లు మూసుకుని ఒకటి పెడితే సగటున వచ్చేది సున్నా, ఎందుకంటే నాలుగుసార్లకు ఒకసారి 3 వస్తే మూడుసార్లు ఒక్కొక్కటి చొప్పున పోతుంది. ఒక ఆప్షన్‌నైనా కచ్చితంగా కొట్టివేయగలిగితే సగటు కొద్దిగా లాభంలోకి వస్తుంది. టీటా ప్రశ్నను మాత్రం తోచిన జవాబుతోనైనా నింపాలి, దానికి నష్టం లేదు.

పరిశీలన కోసం ఒక ప్రత్యేకమైన నోట్‌బుక్ పెట్టుకుని, తప్పిన ప్రతి ప్రశ్నకూ కారణాన్ని సొంత మాటల్లో రాయాలి. నా నోట్‌బుక్‌లోని ఒక పంక్తి ఇలా ఉండేది: పదిహేడో ప్రశ్న, రైలు వేగం, గంటకు కిలోమీటర్లను సెకనుకు మీటర్లలోకి మార్చడం మరిచాను, నాలుగు నిమిషాలు పోయాయి, రెండో నిమిషంలోనే వదలాల్సింది. ఇలా 15 మాక్‌లు రాసేసరికి నేను చేసే తప్పులు అన్నీ కలిపి ఐదారు రకాలేనని తెలిసింది. తెలియక పోయిన మార్కుల కంటే, తెలిసీ తొందరలో పోగొట్టుకున్నవే ఎక్కువ. మాక్‌లో వచ్చే పర్సెంటైల్ ఆ సంస్థ విద్యార్థుల మధ్య లెక్క మాత్రమే కనుక దానికి పొంగిపోవడం, కుంగిపోవడం రెండూ అనవసరం. అసలు పరీక్షను 2024లో సుమారు 2.93 లక్షల మంది రాశారు, అందులో 99 పర్సెంటైల్ అంటే పైన దాదాపు 2,900 మంది ఉన్నారని అర్థం.

ఉద్యోగం చేసేవారు పనిదినాల్లో పాఠాలనూ, సెట్లనూ పెట్టుకుని, మాక్‌ను శనివారం రాసి, పరిశీలనను ఆదివారానికి ఉంచుకుంటే అలసట తగ్గుతుంది.

చదువు మధ్యలో దరఖాస్తు పని మరిచిపోకూడదు. నమోదు సాధారణంగా ఆగస్టులో మొదలై సెప్టెంబరుతో ముగుస్తుంది. హైదరాబాద్, వరంగల్, విజయవాడ, విశాఖపట్నం వంటి చోట్ల కేంద్రాలుంటాయి. ఓబీసీ రిజర్వేషన్ కోరేవారికి రాష్ట్రం ఇచ్చే బీసీ కుల ధ్రువపత్రం సరిపోదు, కేంద్ర ప్రభుత్వ నమూనాలో క్రీమీలేయర్ కాదని తెలిపే ధ్రువపత్రం కావాలి. రాష్ట్ర బీసీ జాబితాలోని కులాలన్నీ కేంద్ర జాబితాలో ఉండవు గనుక ముందే చూసుకుని, తహసీల్దారు కార్యాలయంలో జూన్, జూలైలలోనే దరఖాస్తు పెట్టుకుంటే చివరి వారంలో పరుగులు పెట్టాల్సిన పని తప్పుతుంది.

చివరి నెల

నవంబరులో కొత్త పాఠం ఏదీ తెరవకూడదు. కోర్సులో ఇంకా చూడని వీడియోలు ఎన్ని మిగిలినా వాటిని అలాగే వదిలేసి, తప్పుల నోట్‌బుక్‌ను మొదటి పేజీ నుంచి మళ్లీ చేసుకుంటూ రావాలి. ఐఐఎంలు అధికారిక వెబ్‌సైట్‌లో ఉంచే నమూనా పరీక్షను ఒకసారైనా రాసి, తెర అమరికకు కళ్లు అలవాటు చేసుకోవాలి. అడ్మిట్ కార్డు వచ్చి ఏ పూట పరీక్షో తెలిసిన తర్వాత మిగిలిన మాక్‌లన్నింటినీ అదే సమయానికి రాయాలి. ఉదయం ఎనిమిదిన్నరకు పరీక్ష పడినవారు రాత్రి పదకొండు గంటలకు మాక్ రాసే అలవాటు మానుకోవాలి.

ఇంకొక అభ్యాసం కూడా ఈ రోజుల్లోనే చేయాలి. తర్కం భాగం సరిగ్గా రాయలేకపోయినప్పుడు ఆ బాధ గణితంలోకి వెంటబడి వస్తుంది, మధ్యలో విరామం ఉండదు, గడియారం వెంటనే మళ్లీ 40 నుంచి దిగడం మొదలుపెడుతుంది. అందుకని మాక్ రాసేటప్పుడే, గణితం తెర రాగానే పెన్ను కింద పెట్టి, కుర్చీలో వెనక్కి వాలి, పది సెకన్లు ఊపిరి తీసుకుని, చిత్తు కాగితం మీద అడ్డంగా ఒక గీత గీసి, ఆ గీత కింద నుంచి మొదటి లెక్క మొదలుపెట్టడం అలవాటు చేసుకోవాలి. ఎనిమిది పది మాక్‌లలో ఇలా చేస్తే పరీక్ష హాల్లో చేయి తనంతట తానే ఆ గీత గీస్తుంది.